చూపించే డబ్బు వేరు, చదివించే డబ్బు వేరు: విదేశీ చదువుల ఆర్థిక లెక్క

క్లుప్తంగా: వీసా కోసం చూపించే సొమ్ముకూ, కోర్సు పూర్తయ్యేదాకా నడిపించే సొమ్ముకూ మధ్య తేడా దగ్గరే విదేశీ విద్యార్థుల డబ్బు ఇబ్బందులు చాలావరకు మొదలవుతాయి. ఆ తేడా అమెరికా వెళ్లేవారికి ఎక్కువ, జర్మనీ వెళ్లేవారికి తక్కువ. అప్పు ఎక్కడ పుట్టిందన్నదాన్ని బట్టి వడ్డీతోపాటు పన్ను కూడా మారుతుంది. విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను టీసీఎస్ గురించి కుటుంబాలు పడే టెన్షన్‌లో సగం అనవసరం. డబ్బు నిజంగా కరిగిపోయేది మారకం రేటులో.

ఆగస్టు కోర్సుకు అడ్మిషన్ వచ్చిన ఇంట్లో వేసవి మొదట్లోనే వినపడే ప్రశ్న "ఫండ్స్ ఎంత చూపించాలి?" అన్నదే. కన్సల్టెన్సీ ఒక అంకె చెబుతుంది. ఆ అంకె వచ్చేదాకా ఎఫ్‌డీలు, పీఎఫ్, పాడుకున్న చీటీ, బ్యాంకు శాంక్షన్ లెటర్ అన్నీ కలుపుతూ పోతారు. ఏ నెలలో ఎంత, ఏ కరెన్సీలో, ఎవరి ఖాతా నుంచి వెళ్లాలన్న లెక్క మాత్రం చాలా ఇళ్లలో రెండో సెమిస్టర్ ఫీజు గడువు మీదికొచ్చేదాకా మొదలుకాదు.

ఈ సంగతి మిగతా రాష్ట్రాలకన్నా తెలుగువారికి ఎక్కువ పడుతుంది. అమెరికాలోని విదేశీ విద్యార్థుల లెక్కలు చెప్పే ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024-25లో అమెరికాలో చదువుతున్న భారతీయులు 3,63,019 మంది. వారిలో సగానికి పైగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచే వెళ్లారని హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ అధికారులు చెబుతూ వచ్చారు.

## చూపిస్తే చాలనే దేశాలు, కట్టించుకునే దేశాలు

విద్యార్థి దగ్గర డబ్బుందో లేదో ప్రతి దేశమూ చూస్తుంది. చూసే పద్ధతే వేరు.

జర్మనీ వెళ్లేవారు బ్లాక్డ్ అకౌంట్ తెరిచి, ఏడాది బతకడానికి అయ్యే సొమ్ము ముందే అందులో వేయాలి. 2024 సెప్టెంబర్ నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. అక్కడ దిగాక నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే చేతికొస్తాయి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు కాబట్టి వీసాకు చూపిన డబ్బే బతకడానికి సరిపోయే డబ్బు అవుతుంది. అప్పు తెచ్చి చూపించి వారానికల్లా వెనక్కి ఇచ్చేసే వీలు ఇందులో లేదు.

కెనడా జీఐసీ (గ్యారంటీడ్ ఇన్వెస్ట్‌మెంట్ సర్టిఫికెట్) కూడా ఈ తరహాదే. అక్కడి బ్యాంకులో ముందే డిపాజిట్ చేస్తే, దిగాక కొంత, మిగతాది నెలనెలా ఇస్తారు. ఏళ్ల తరబడి 10,000 కెనడా డాలర్లుగా ఉన్న నిధుల నిబంధనను 2024 జనవరి 1 నుంచి 20,635కి, 2025 సెప్టెంబర్ 1 నుంచి 22,895కి పెంచారు. ఇది ఒక్కరి జీవన ఖర్చుకే. ఫీజు, ప్రయాణం వేరు. 2024 నవంబర్‌లో స్టడీ పర్మిట్ త్వరగా తేల్చే ఎస్‌డీఎస్ విధానం ఎత్తేశాక జీఐసీ ఒక్కటే దారి అన్నది పోయింది, కానీ వాడేవారు ఇంకా ఉన్నారు.

బ్రిటన్‌ది మధ్యేమార్గం. సొమ్ము విద్యార్థి ఖాతాలోగానీ తల్లిదండ్రుల ఖాతాలోగానీ వరసగా 28 రోజులు ఉండాలి. ఆ 28వ రోజు నాటికీ వీసా దరఖాస్తుకూ మధ్య 31 రోజులు దాటకూడదు. మధ్యలో ఒక్కరోజు బ్యాలెన్స్ గీత కిందికి జారినా లెక్క మొదటికొస్తుంది. 2025 నవంబర్ 11 నుంచి లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, బయట 1,171 పౌండ్ల చొప్పున గరిష్ఠంగా తొమ్మిది నెలలకు చూపాలి. కట్టాల్సిన ఫీజు బాకీ దీనికి అదనం. పౌండ్లలోని ఈ అంకెకు రూపాయల బ్యాలెన్స్‌ను మార్చి చూస్తారు కాబట్టి సరిగ్గా అంతే పెట్టుకున్నవారు రేటు కాస్త కదిలినా ఇరుక్కుంటారు.

అమెరికాలో ఇవేవీ లేవు. యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం ఐ-20 మీద ట్యూషన్, నివాసం, ఇతర ఖర్చులు విడివిడిగా ఉంటాయి. కనీసం మొదటి ఏడాదికి సరిపడా సొమ్ము ఉందని యూనివర్సిటీకి, తర్వాత వీసా ఇంటర్వ్యూలో అధికారికి నమ్మకం కలగాలి. ఇన్ని రోజులు ఖాతాలో ఉండాలన్న లెక్క లేదు, దాన్ని ఎక్కడా కట్టించుకోరు. వీసా ముద్ర పడ్డ మర్నాడు ఆ ఖాతా ఖాళీ అయినా పట్టించుకునే యంత్రాంగం లేదు.

ఈ సందులోనే ఒక చిన్న వ్యాపారం పుట్టింది. కొన్ని వారాలపాటు విద్యార్థి తండ్రి ఖాతాలో డబ్బు వేసి కమీషన్ తీసుకునే ఫైనాన్షియర్లు, అసలు తీసుకునే ఉద్దేశమే లేని లోనుకు శాంక్షన్ లెటర్ ఇప్పించే ఏజెంట్లు ఈ వ్యాపారంలోని వారే. కాగితాలు నకిలీవని తేలితే అమెరికా వలస చట్టం కింద తప్పుడు సమాచారం ఇచ్చినవారిగా శాశ్వత అనర్హత పడుతుంది. కాగితాలు అసలువే అయినా ఇంకో చిక్కు మిగులుతుంది. వీసా వచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. ఐ-20 మీద ఏడాదికి 35 వేల డాలర్లు అని ఉండి, చేతిలో మొదటి సెమిస్టర్ ఫీజు, రెండు నెలల అద్దె మాత్రమే ఉన్న విద్యార్థికి డిసెంబర్‌కల్లా ఊపిరాడదు.

అప్పుడు మిగిలేది పార్ట్‌టైమ్ పని. అమెరికా విద్యార్థి వీసా ఎఫ్-1పై చదువు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. ఆ ఉద్యోగాలు కొన్నే ఉంటాయి, పోటీ ఎక్కువ. అనుమతి లేకుండా బయట పెట్రోలు బంకులో, రెస్టారెంట్‌లో పనిచేస్తే వీసా హోదా పోతుంది. 2025 మొదట్లో అమెరికాలో తనిఖీల భయం పెరిగినప్పుడు చాలామంది ఆ పనులు మానేశారని వార్తలొచ్చాయి. అలా మానేసినప్పుడే, ఎంతమంది చదువు ఆ చెప్పుకోలేని సంపాదన మీద నడుస్తోందో బయటపడింది. కెనడాలో వారానికి 24 గంటలు, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు పని చేయనిస్తారు. గంటలు కాస్త ఎక్కువైనా ఎక్కడా ఆ జీతం ఫీజుకు సరిపోదు. ఏదో అద్దెకు, తిండికి అక్కరకొస్తుంది.

## ఐదెకరాలున్నా అప్పు పుట్టని ఇల్లు

బ్యాంకుల సంఘం ఐబీఏ రూపొందించిన నమూనా విద్యారుణ పథకంలో 4 లక్షల దాకా మార్జిన్ (ఖర్చులో కుటుంబం సొంతంగా పెట్టుకునే వాటా), తాకట్టు అక్కర్లేదు. 7.5 లక్షలు దాటితే తాకట్టు అడుగుతారు. విదేశీ చదువుకు కుటుంబం తన వంతుగా 15 శాతం మార్జిన్ పెట్టుకోవాలి. పేరున్న యూనివర్సిటీలకు తాకట్టు లేకుండానే పెద్ద మొత్తం ఇచ్చే జాబితాలు ప్రభుత్వ బ్యాంకుల దగ్గర ఉన్నాయి. తెలుగు విద్యార్థులు ఎక్కువగా చేరే మధ్యశ్రేణి స్టేట్ యూనివర్సిటీలు వాటిలో ఉండటం తక్కువ.

తాకట్టు దగ్గరే పల్లెటూరి కుటుంబాలు ఆగిపోతాయి. బాకీ తీరకపోతే ఆస్తిని వేలం వేసుకునే అధికారం బ్యాంకులకు ఇచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే ఐదెకరాల మాగాణి ఉన్నా ఎడ్యుకేషన్ లోను విషయంలో చాలా బ్రాంచీలు దాన్ని లెక్కలోకి తీసుకోవు. అవి అడిగేది హెచ్ఎండీఏ, సీఆర్డీఏ, డీటీసీపీ వంటి సంస్థల అనుమతి ఉన్న లేఅవుట్‌లో ప్లాటు, ప్లాన్ అప్రూవల్ ఉన్న ఇల్లు, ఫ్లాటు, లేదంటే ఎఫ్‌డీ. గ్రామకంఠంలో తాతల నాటి ఇంటికి లింకు డాక్యుమెంట్లు దొరకవు. లాయరు లీగల్ ఒపీనియన్‌లో అక్కడే కొర్రీ పడుతుంది. ఆస్తి మీద బాకీలు ఉన్నాయో లేదో చూపే ఈసీ తీయించి, వాల్యుయేషన్ చేయించి, లీగల్ ఫీజు కట్టాక "ఇది కుదరదు" అన్న మాట వినేసరికి జూన్ గడిచిపోతుంది.

ఆ తర్వాత రెండు దారులు. ఒకటి ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఆర్థిక సంస్థ. క్రెడిలా, అవాన్సే, ఆక్సిలో, ఇన్‌క్రెడ్ వంటి సంస్థలు తాకట్టు లేకుండా, కో-అప్లికెంట్ (రుణానికి తోడుగా సంతకం పెట్టే తల్లి లేదా తండ్రి) ఆదాయం, విద్యార్థి మార్కులు, కోర్సు, యూనివర్సిటీ చూసి ఇస్తాయి. పని త్వరగా అవుతుంది, వడ్డీ ప్రభుత్వ బ్యాంకు కంటే ఎక్కువ ఉంటుంది, ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది. చదువుతుండగానే నెలకు కొంత వడ్డీ కట్టమనే షరతూ చాలాసార్లు ఉంటుంది. రెండోది ఊళ్లో అప్పు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. తాకట్టుతో బ్యాంకు ఇచ్చే రేటుకు ఇది రెట్టింపుకు పైమాటే.

తేడా వడ్డీతో ఆగదు. బ్యాంకు లేదా గుర్తింపున్న ఆర్థిక సంస్థ నుంచి తెచ్చిన విద్యారుణంతో ఫీజు కడితే, 2025 ఏప్రిల్ 1 నుంచి ఎంత పంపినా టీసీఎస్ లేదు. ఆ రుణం మీద కట్టిన వడ్డీకి ఆదాయపన్ను చట్టం కింద (పాత చట్టంలో సెక్షన్ 80ఈ) ఎనిమిదేళ్లదాకా పరిమితి లేని మినహాయింపు దొరుకుతుంది, పాత పన్ను విధానంలో ఉన్నవారికి మాత్రమే. ఊళ్లో తెచ్చిన అప్పుకు ఈ రెండూ వర్తించవు. కాగితాలు సరిగా లేనందుకు ఆ కుటుంబం వడ్డీ ఎక్కువ కట్టి, పన్ను రాయితీనీ వదులుకుంటుంది.

ప్రభుత్వ పథకాల విషయంలో ఒక గందరగోళం తేల్చుకోవాలి. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి దేశంలోని ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరేవారికి మాత్రమే. విదేశీ చదువుకు పనికిరాదు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరిట మరొకటి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. వీటి కింద ఇచ్చే సాయం 20 లక్షల దాకా. కానీ అది రెండు విడతల్లో వచ్చే డబ్బు. మొదటిది ఆ దేశంలో దిగిన ఆధారం చూపాక, అంటే అమెరికాకైతే అక్కడి ప్రవేశ రికార్డు ఐ-94 ఇచ్చాక. రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు పెట్టాక. విమానం ఎక్కకముందు కట్టాల్సినవాటికి అది అందదు. విడుదల ఆలస్యమైతే రెండో సెమిస్టర్ ఫీజుకూ అందదు. స్కాలర్‌షిప్ వచ్చినా మొదటి ఐదారు నెలలకు వేరే డబ్బు చూసుకోక తప్పదు.

## విడతలు, వడ్డీ, రూపాయి

విద్యారుణం మీద చదివేటప్పుడు ఈఎంఐ ఉండదు కాబట్టి భారం కనపడదు. వడ్డీ మాత్రం డబ్బు విడుదలైన రోజు నుంచే పడుతుంది.

30 లక్షల రుణం, 11 శాతం వడ్డీ, రెండేళ్ల కోర్సు, ఆ తర్వాత ఈఎంఐ మొదలవడానికి ఆరు నెలల గడువు అనుకుందాం. మొత్తం ఒకేసారి తీసుకుంటే, ఈఎంఐ మొదలయ్యేనాటికి బారువడ్డీయే 8.25 లక్షలు. అదే సెమిస్టర్‌కు 7.5 లక్షల చొప్పున నాలుగు విడతల్లో తీసుకుంటే సుమారు 5.78 లక్షలు. తేడా దాదాపు రెండున్నర లక్షలు. పదేళ్ల ఈఎంఐ మొదటి లెక్కలో నెలకు 52,700 దగ్గర, రెండో లెక్కలో 49,300 దగ్గర తేలుతుంది. చదువుతుండగా నెలనెలా వడ్డీ కట్టే స్తోమత ఉన్నవారికి ఈ భారం ఇంకా తగ్గుతుంది. బ్యాంకులు ఫీజును నేరుగా యూనివర్సిటీకి విడతల్లో పంపుతామంటే కొందరు విసుక్కుంటారు. నిజానికి ఆ పద్ధతి అప్పు తీసుకున్నవారికే లాభం.

విడతల్లో ఒక చిక్కు ఉంది. శాంక్షన్ రూపాయల్లో, ఫీజు డాలర్లలో. 2024 ఆగస్టులో డాలరు 84 రూపాయల దగ్గర ఉంది. అప్పట్లో సెమిస్టర్‌కు 12,000 డాలర్లంటే 10.08 లక్షలు. 2025 డిసెంబర్‌లో డాలరు తొలిసారి 90 దాటింది. ఆ రేటుకు చివరి సెమిస్టర్ ఫీజు 10.80 లక్షలు. యూనివర్సిటీ ఒక్క డాలరు పెంచకపోయినా కుటుంబం మీద 72 వేలు అదనంగా పడ్డాయి. శాంక్షన్ మొత్తం సరిగ్గా లెక్కకు సరిపోయేలా తీసుకున్నవారికి ఇది చివరి సెమిస్టర్‌లోనే ఎదురవుతుంది. అప్పుడు టాప్-అప్ అడిగితే బ్యాంకు ఫైలు మళ్లీ మొదటి నుంచి తిరగేస్తుంది. శాంక్షన్ పది పదిహేను శాతం ఎక్కువగా తీసుకుని వాడకుండా ఉంచుకుంటే, వాడని సొమ్ముకు వడ్డీ ఉండదు.

రూపాయి పడిపోతే అక్కడ ఉద్యోగం వచ్చినవారికి లాభమే కదా అనే వాదన ఉంది. డాలర్లలో జీతం, రూపాయల్లో అప్పు ఉంటే అది నిజం. కాకపోతే చదివేటప్పటి నష్టం ఖాయంగా వచ్చేది, ఆ లాభం ఉద్యోగం దొరికితేనే వచ్చేది. చదువయ్యాక అమెరికాలో పనిచేయడానికి ఇచ్చే అనుమతి ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. రుణం గడువు మాత్రం ఉద్యోగం వచ్చిందా లేదా అని చూడదు, ఆరు నెలలకో ఏడాదికో అయిపోతుంది. ప్రాడిజీ, ఎంపవర్ వంటి సంస్థలు కో-అప్లికెంట్ లేకుండా డాలర్లలోనే అప్పిస్తాయి. అక్కడ రిస్కు తిరగబడుతుంది. ఇండియాకు తిరిగొచ్చి రూపాయల జీతంతో డాలర్ల అప్పు తీర్చాల్సి వస్తే, రూపాయి పడ్డ ప్రతిసారీ బాకీ పెరుగుతుంది.

## టీసీఎస్: ఎవరికి, ఎంత, ఎందుకు

ఇండియాలో నివసించే వ్యక్తి రిజర్వ్ బ్యాంక్ పథకమైన ఎల్ఆర్ఎస్ (లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్) కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపొచ్చు. 2004లో 25,000 డాలర్లతో మొదలైన పథకం ఇది. ఇలా పంపేటప్పుడు బ్యాంకు ముందుగా వసూలు చేసి పంపినవారి పాన్ మీద జమ చేసే పన్నే టీసీఎస్. ఖర్చు చేసినవారు ఆదాయం ఎంత చూపుతున్నారో పోల్చి చూడటానికి పెట్టిన ఏర్పాటు. దాన్ని అదనపు పన్నుగా అర్థం చేసుకోవడం వల్లే గాబరా ఎక్కువైంది.

2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల దాకా ఏమీ లేదు. ఆపైన సొంత డబ్బుతో చదువుకు పంపితే 5 శాతం ఉండేది. 2026 బడ్జెట్ ఆ ఏప్రిల్ నుంచి దాన్ని 2 శాతానికి దించింది. సొంత డబ్బు 25 లక్షలు పంపితే, పైనున్న 15 లక్షలకు పాత రేటున 75 వేలు, కొత్త రేటున 30 వేలు. రిటర్ను వేస్తే కట్టాల్సిన పన్నులో తగ్గిస్తారు, ఎక్కువైతే రీఫండ్ వస్తుంది. జీతగాళ్లు ఆఫీసులో చెప్పుకుంటే జీతంలో కోసే టీడీఎస్‌లోనే సర్దుతారు. ఇబ్బంది పడేది ఎప్పుడూ రిటర్ను వేయని కుటుంబాలు. వ్యవసాయ ఆదాయం ఉన్న తండ్రి పాన్ మీద టీసీఎస్ పడితే, అది వెనక్కి రావాలంటే ఆయన రిటర్ను వేయాల్సిందే.

10 లక్షల పరిమితి పంపే వ్యక్తికి లెక్క. తల్లికి సొంత ఆదాయం, సొంత ఖాతా ఉండి ఆమె కూడా పంపితే ఆమె పరిమితి ఆమెకే ఉంటుంది. ఆగస్టు, జనవరి సెమిస్టర్లు రెండూ ఒకే ఆర్థిక సంవత్సరంలో పడతాయి కాబట్టి మొదటి ఏడాదిలోనే పరిమితి దాటడం మామూలు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది డబ్బు పంపేటప్పుడు నింపే ఏ2 ఫారంలో, ఎందుకు పంపుతున్నామో చెప్పే పర్పస్ కోడ్ దగ్గర. విద్యార్థి వెళ్లాక నెలనెలా ఇంటి నుంచి పంపే డబ్బును కౌంటర్‌లో గానీ యాప్‌లో గానీ "కుటుంబ సభ్యుల పోషణ" కింద రాసేస్తే, 10 లక్షలు దాటాక దానికి పడేది 20 శాతం. అదే డబ్బును చదువు కోడ్ కింద పంపితే 2 శాతం. అద్దె, తిండి వంటి రోజువారీ ఖర్చులు కూడా చదువు కిందికే వస్తాయని ప్రత్యక్ష పన్నుల బోర్డు సీబీడీటీ 2023లో స్పష్టం చేసింది. ఐ-20, ఫీజు వివరాలు బ్యాంకుకు ఇచ్చి చదువు కోడే వేయమనాలి. పైన చెప్పిన 15 లక్షలకు 30 వేలు కోస్తారా, 3 లక్షలు కోస్తారా అన్నది ఆ ఒక్క గడి మీద ఆధారపడుతుంది.

## కనపడే ఫీజు, కనపడని మార్జిన్

డబ్బు పంపే ప్రతి సంస్థా ప్రకటించేది సర్వీస్ ఛార్జీ. ఐదొందలు, వెయ్యి, కొన్నిచోట్ల సున్నా. అసలు వసూలు రేటులో ఉంటుంది. మార్కెట్‌లో డాలరు 90 ఉన్న రోజు బ్యాంకు 91.20కి అమ్మితే, 10,000 డాలర్ల మీద 12 వేలు అక్కడే పోయాయి. ఆ మొత్తానికి కరెన్సీ మార్పిడి మీద పడే జీఎస్టీ 900 రూపాయల చిల్లర మాత్రమే. టీసీఎస్ వెనక్కి వస్తుంది. రేటులో కలిపి తీసుకున్న ఈ మార్జిన్ వెనక్కి రాదు. రసీదులో విడిగా కనపడదు కూడా. రెండు మూడు చోట్ల ఒకే సమయానికి రేటు అడిగి, చేతికి చేరే డాలర్లతో పోల్చుకోవడం తప్ప దీనికి వేరే పద్ధతి లేదు. పాత కస్టమరైతే బ్రాంచిలో బేరమాడినా కొన్ని పైసలు తగ్గిస్తారు, ఆ సంగతి చాలామందికి తెలీదు.

బ్యాంకుల అంతర్జాతీయ నెట్‌వర్క్ స్విఫ్ట్ ద్వారా వెళ్లే డబ్బు దారిలో మరో బ్యాంకు గుండా వెళ్తుంది. ఛార్జీలు ఇద్దరూ పంచుకునే పద్ధతి ఎంచుకుంటే ఆ మధ్య బ్యాంకు తన ఫీజు కోసుకుని మిగతాది పంపుతుంది. 12,000 పంపితే యూనివర్సిటీకి 11,980 చేరుతుంది. పోర్టల్‌లో ఆ 20 డాలర్లు బాకీగా నిలబడి, లేట్ ఫీజు పడుతుంది, కొన్నిచోట్ల తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కు హోల్డ్ పెడతారు. ఏ2 ఫారంలో ఛార్జీలన్నీ పంపేవారివే అన్న గడి ఎంచుకుంటే ఇది తప్పుతుంది. ఫ్లైవైర్ వంటి వేదికల ద్వారా రూపాయల్లోనే కట్టనిచ్చే యూనివర్సిటీల దగ్గర ఈ గొడవ లేదు. అక్కడ కూడా రేటు చూసుకోవాల్సిందే.

తెలుగు కుటుంబాల్లో మామూలైపోయిన ఇంకో పద్ధతి ఉంది. అక్కడున్న బంధువు విద్యార్థి ఖాతాలో డాలర్లు వేస్తాడు, ఇక్కడ తండ్రి ఆ బంధువు తల్లిదండ్రులకు రూపాయలు ఇస్తాడు. మార్జిన్ లేదు, టీసీఎస్ లేదు, ఒక్క రోజులో పని అయిపోతుంది. కానీ విదేశీ మారక లావాదేవీలను నియంత్రించే ఫెమా చట్టం సెక్షన్ 3 ప్రకారం అధీకృత సంస్థ ద్వారా కాకుండా జరిగే ఇలాంటి సర్దుబాటు ఉల్లంఘనే, మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా ఉంది. బంధువు తన సొంత డబ్బు బహుమతిగానో, అక్కడే తీర్చుకునే చేబదులుగానో ఇస్తే అది వేరు. ఇక్కడ దానికి ప్రతిగా రూపాయలు చేతులు మారినప్పుడే సమస్య.

## దిగిన మొదటి నెల

ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్లకు మించి తీసుకెళ్లనివ్వరు. మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి. మొదటి నెలలో అద్దె, డిపాజిట్, పరుపు, వంటసామాను, ఫోను కలిపి ఖర్చు ఒక్కసారిగా పడుతుంది కాబట్టి కార్డులో కనీసం రెండు నెలలకు సరిపడా ఉండటం మేలు. ఇండియాలో వాడే మామూలు డెబిట్, క్రెడిట్ కార్డుల మీద విదేశాల్లో మూడు, మూడున్నర శాతం దాకా మార్కప్, దానిపై జీఎస్టీ పడుతుంటాయి. షాపులో మెషిన్ "రూపాయల్లో కడతారా?" అని అడిగితే వద్దని స్థానిక కరెన్సీయే ఎంచుకోవాలి. ఆ సౌకర్యానికి రేటు మరీ దారుణంగా ఉంటుంది.

అమెరికాలో ఖాతా తెరవడానికి సోషల్ సెక్యూరిటీ నంబర్ తప్పనిసరి కాదు. పాస్‌పోర్టు, ఐ-20, ఐ-94, చిరునామా ఆధారంతో క్యాంపస్ దగ్గరి బ్యాంకులు తెరుస్తాయి. స్టూడెంట్ ఖాతా అని అడగకపోతే మామూలు ఖాతా ఇచ్చి, బ్యాలెన్స్ తగ్గినప్పుడు నెలనెలా ఛార్జీ వేస్తారు. అక్కడ క్రెడిట్ స్కోరు సున్నా నుంచి మొదలవుతుంది. ఇక్కడ తండ్రికి ఎంత సిబిల్ ఉన్నా అక్కడ లెక్కలోకి రాదు. కొంత డిపాజిట్ పెట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డుతో చిన్న బిల్లులు కడుతూ పోతే ఏడాదికి ఇల్లు అద్దెకు తీసుకోవడానికి, ఫోను కనెక్షన్‌కు పనికొచ్చే చరిత్ర తయారవుతుంది. క్యాంపస్ ఉద్యోగం చేసేవారు మొదటి జీతం చీటీ ఒకసారి పరిశీలించాలి. ఎఫ్-1 విద్యార్థులకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండకూడదు. పొరపాటున కోసేస్తుంటారు.

## వదిలి వెళ్లిన ఖాతా, తీర్చాల్సిన అప్పు

చదువుకోసం దేశం దాటిన విద్యార్థిని ఫెమా కింద ఎన్ఆర్ఐగానే చూడాలని రిజర్వ్ బ్యాంక్ 2003లో స్పష్టం చేసింది. అంటే ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ప్రవాసులు ఇక్కడి ఆదాయం ఉంచుకునే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. నివాసిగా ఉన్నప్పుడు తీసుకున్న విద్యారుణం మాత్రం అలాగే కొనసాగుతుంది. చాలామంది ఖాతా మార్పించుకోరు, వెంటనే ఎవరూ అడగరు కూడా. కేవైసీ అప్‌డేట్ చేయమన్నప్పుడు ఖాతా స్తంభించి సమస్య బయటపడుతుంది. దీనికన్నా ముందే వచ్చేది ఓటీపీ సమస్య. ఇండియా సిమ్‌ను రీఛార్జ్ చేయక నంబర్ పోతే, బ్యాంకు యాప్, ఆధార్, ఆదాయపన్ను పోర్టల్ అన్నీ ఒకేసారి తాళం పడతాయి. రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ అందే తక్కువ ప్లాన్ నడిపిస్తే సరిపోతుంది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాతో కలిపి పది దేశాల నంబర్లతో ఎన్ఆర్ఈ (ప్రవాసులు విదేశీ సంపాదన ఉంచుకునేది), ఎన్ఆర్ఓ ఖాతాలకు యూపీఐ వాడుకునే వీలును 2023లో అనుమతించారు.

ఉద్యోగం వచ్చాక ఈఎంఐ కోసం డబ్బు ఇటువైపు రావాలి. అమెరికా నుంచి వెళ్లే రెమిటెన్సులపై 2026 జనవరి 1 నుంచి 1 శాతం పన్ను మొదలైందన్న వార్త చాలామందిని కంగారు పెట్టింది. అది నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్ ఇచ్చి పంపేవాటికే. అక్కడి బ్యాంకు ఖాతా నుంచి, అక్కడ జారీ అయిన డెబిట్ లేదా క్రెడిట్ కార్డు నుంచి పంపితే వర్తించదు. ఎన్ఆర్ఈ ఖాతాకు పంపితే దానిపై వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఈఎంఐని ఆ ఖాతాకు అనుసంధానం చేసి, నాలుగైదు నెలల వాయిదాలు ముందే అందులో ఉంచితే, ఉద్యోగం మారే సమయంలో చెల్లింపు ఆగిపోదు. చెల్లింపు తప్పితే పడే మచ్చ విద్యార్థి సిబిల్‌తోపాటు, కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టిన తండ్రి సిబిల్ మీదా పడుతుంది. ఇంట్లో రెండో పిల్ల చదువుకు లోను అడగబోయినప్పుడు బ్యాంకు మొదట తెరిచి చూసేది దాన్నే.